పని దిద్దుకొను విద్య

(పఠనమందిర సభలో గావించిన ఉపన్యాసపాఠము)



మోసేవానికి తెలియును కావడి బరువు అని మన పెద్దలు చెప్పుదురు. పరుల కష్టమునెడ జాలి చూపుటకే మనము ఈ సామెతను సాధారణముగా వాడుచుందుము. నేడు దీనిని మరియొక యర్థమున మీ యెదుట నుంచదలచితిని. కావడి మోయువానికి దాని బరువు మాత్రమే గాదు, బద్ద భుజము నెక్కడ ఒరయుచున్నదో, ఏ త్రాటిని ఎంత కుదింపవలయునో, ఏ గుంటను తప్పించి నడువవలయునో కూడ తెలియును. గట్టుమీద నిలిచి యాజ్ఞలిచ్చువాడెంత పండితుడైనను ఆ తెలివి యతనికి రాదు. ఈ చిన్న సత్యమును పట్టుకొని ఒక దేశము తన కర్మాగారముల రూపురేఖలనే మార్చుకొన్నది. ఆ చరిత్రయే నేటి నా యుపన్యాస విషయము.

కర్మాగారములయందును, కార్యాలయములయందును, కడకు వైద్యశాలలయందును నేడు 'కైజెన్' అను జపాను మాట విరివిగా వినవచ్చుచున్నది. 'కై' యనగా మార్పు. 'జెన్' అనగా మేలు. రెండును గలిసి 'మేలుమార్పు' అను నర్థమిచ్చును. 1986లో మసాకి ఇమాయి ఆ పేరుతోనే ఇంగ్లీషున నొక గ్రంథము వ్రాసిన పిదప ఈ మాట ప్రపంచమంతట వ్యాపించినది. ఒక్కసారిగా కోట్లు గుమ్మరించి క్రొత్త యంత్రములు దెచ్చుట దీని యుద్దేశము గాదు. ఉన్న పనినే, ఉన్న చేతులతోనే, దినదినము గోరంత గోరంతగా దిద్దుకొనుచు పోవుట దీని పద్ధతి.

వినుటకిది యెంతయో సులభముగా నున్నది. సులభముగా నుండుటచేతనే దీనిని మనవారు వేగముగా అనుకరించుచున్నారు. గోడకొక పటము, ద్వారము కడ నొక సూచనల పెట్టె, ఏటికొక సభ, సభలో నొక బహుమానము. ఇంతతో విద్య యంతయు వచ్చినదని సంతసించుచున్నారు. నేను చెప్పదలచినది ఒక్కటియే. ఈ విద్యకు ప్రాణము పటములలో లేదు. పనివాని మాట వినుట, తప్పు జరిగినప్పుడు దాని మూలమును పనియందు వెదకుట, మేలు కలిగినప్పుడు పనివాని కూటికి ముప్పు రానీయకుండుట, ఈ మూడింటియందే దాని ప్రాణమున్నది. ఈ మూడును లేనిచోట ఇదే విద్య కార్మికుని మరింత పిండు గానుగయై కూర్చుండును. రెండు విధములకును చరిత్రయందు నిదర్శనములు గలవు.

మొదట నొక మగ్గము కథతో నారంభింతును. జపానులో 1867లో సకిచి టొయోడా యను నొక వడ్రంగి కుమారుడు జన్మించెను. పల్లెలో స్త్రీలు చేమగ్గములమీద పడు శ్రమను జూచి, దానిని తగ్గించు నుపాయమునకై అతడు బాల్యమునుండియు తపించెను. 1891లో చెక్క చేమగ్గమునకు తొలి పేటెంటును సంపాదించెను. పిదప మరి మూడు దశాబ్దములు మగ్గమునే పట్టుకొని కూర్చుండి, 1924 నాటికి స్వయంచాలకమైన మగ్గమును సిద్ధము చేసెను. దాని విశేషము వేగమొక్కటియే కాదు. పోగు తెగినంతనే ఆ మగ్గము తనంతట తానే యాగిపోవును. నేతపని తెలిసిన మన చీరాల, పోచంపల్లి, వేంకటగిరి సోదరులకు దీని విలువను వేరుగ చెప్పనక్కరలేదు. పడుగులో నొక పోగు తెగిన సంగతి తెలియక యంత్రము నేయుచునే పోయినచో, ఆ వెనుక నేసినదంతయు చెడిన బట్టయే. చెడుగును జానెడు దూరము గూడ ముందునకు సాగనీయరాదన్న సంకల్పము ఆ మగ్గములో నిమిడియున్నది. ఇంతకుముందు యంత్రమునకు కాపలాదారుగా నిలువవలసిన మనుష్యుడు ఇప్పుడు అనేక మగ్గములను ఒక్కడే చూచుకొనగలిగెను. 1929లో ఇంగ్లండులోని ఓల్డ్‌హాం నగరమునకు చెందిన ప్లాట్ బ్రదర్సు సంస్థ ఈ మగ్గము హక్కులను లక్ష పౌనులకు కొనెను. నేతయంత్రములకు తల్లిగారిల్లని పేరొందిన దేశమే ఒక జపాను వడ్రంగి కుమారుని కల్పనకు వెలయిచ్చుకొన్నది.

సకిచి కుమారుడు కీచిరో 1937లో మోటారు కంపెనీని స్థాపించెను. అదియే టొయోటా. మగ్గములోని సూత్రమును వారు మోటారుబండ్ల కూర్పుశాలకు దెచ్చిరి. అచ్చట బండ్లు ఒకదానివెనుక నొకటి వరుసగా సాగుచుండును. పనివాని తలపై నొక త్రాడు వ్రేలాడుచుండును. మర బిగియకున్నను, భాగము సరిపడకున్నను, తనకు సందేహము తోచినను అతడా త్రాటిని లాగవచ్చును. దీపము వెలుగును, నాయకుడు పరుగున వచ్చును. నిర్ణీత స్థానమునకు బండి చేరులోపల లోపము తీరనియెడల వరుస యంతయు నాగిపోవును. మగ్గము తెగిన పోగును జూచి యాగినది. ఇచ్చట మనుష్యుడు లోపమును జూచి ఆపుచున్నాడు. సోదరులారా! నెలజీతపు కార్మికుడొకడు, ఎవ్వరి యనుమతియు వేడక, కర్మాగారము నంతటిని ఆపగల యధికారము కలిగియుండుట సామాన్యమైన విషయమా? మన యే కార్యాలయమునందైన నొక గుమాస్తా "ఈ కాగితము తప్పు, ఇది ముందునకు పోరాదు" అని నిలిపి, సాయంకాలమునకు చీవాట్లు తినకుండ ఇంటికి పోగలడా? ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొని ముందునకు సాగుదము.

ఆ కాలమునందు లోకమున ప్రబలియున్న సిద్ధాంతము దీనికి పూర్తిగా విరుద్ధమైనది. 1911లో అమెరికాదేశస్థుడైన ఫ్రెడరిక్ టేలరు శాస్త్రీయ నిర్వహణమును గూర్చి గ్రంథము ప్రకటించెను. ప్రతిపనిని గడియారము పట్టి కొలిచి, ఉత్తమమైన విధానమును నిర్ణయించి, దానినే అందరును అనుసరింపవలయునని యతని బోధ. కొలుచుట మంచిదే; మేలైన విధానమును వెదకుటయు మంచిదే. కాని ఆలోచన యంతయు పై గదిలోని ఇంజనీరుది, ఆచరణ మాత్రము క్రిందనున్న కార్మికునిది అను గోడ యొకటి ఆ సిద్ధాంతముతో లేచినది. ఆ గోడవలన కర్మాగారము వేలకొలది చేతులను కూలికి దెచ్చుకొని, వానితోడ వచ్చిన వేలకొలది బుద్ధులను వాకిటనే విడిచిపెట్టినట్లయినది. ఇంతకన్న దుబారా మరియొకటి గలదా?

ఆ గోడకు తొలి గండి కొట్టినది కూడ అమెరికాయే యగుట చిత్రము. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆరితేరిన పనివారు సైన్యమునకు పోవగా, ఎన్నడును యంత్రము నెరుగని వారు, అందు స్త్రీలనేకులు, కర్మాగారములకు వచ్చిరి. వారికి త్వరగా పని నేర్పుటకై 1940లో ప్రభుత్వ మొక శిక్షణోద్యమమును ప్రారంభించినది. పరిశ్రమలోపలి శిక్షణ యని దాని పేరు. యుద్ధము ముగిసిన 1945 వరకు నడచినది. పదహారు లక్షలకు పైగా మేస్త్రీలును పర్యవేక్షకులును అందు తర్ఫీదు పొందిరి. అందలి బోధ మూడు తెరగులు. పని నేర్పుట యెట్లు, పనివిధానమును దిద్దుట యెట్లు, పనివారితో మెలగుట యెట్లు. శిష్యుడు నేర్వకున్న గురువు సరిగా నేర్పలేదనియే గ్రహింపవలయునన్నది మొదటి బోధయొక్క సారము. రెండవదానిలో, పనిని చిన్నచిన్న భాగములుగ విడదీసి, ప్రతిభాగమును ప్రశ్నింపవలయును. ఇది యెందులకు? ఎచ్చట? ఎప్పుడు? ఎవరు? ఎట్లు? అక్కరలేని దానిని తీసివేయుము, కలుపదగిన వానిని కలుపుము, వరుస మార్చుము, మిగిలినదానిని సులభము చేయుము. క్రొత్త యంత్రముల నడుగక, ఉన్న మనుష్యులను, ఉన్న యంత్రములను, ఉన్న సరకులను మేలుగ వాడుకొనుటయే దాని లక్ష్యము. మూడవదానిలో, మంచిపనిని మెచ్చుకొనవలయుననియు, పనివారికి సంబంధించిన మార్పును వారికి ముందుగనే తెలుపవలయుననియు నియమములు గలవు. యుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా ఈ విద్యను దాదాపుగా మరచినది. అమెరికా సైన్యాధిపత్యములో నున్న జపాను దీనిని తెప్పించుకొని, తన పరిశ్రమలలో నాటుకొన్నది.

అటుపిమ్మట వచ్చినవాడు డెమింగు. ఎడ్వర్డ్స్ డెమింగు గణాంకశాస్త్రజ్ఞుడు. 1924లో వాల్టరు షూహార్టు అను భౌతికశాస్త్రవేత్త, కర్మాగారమునందలి హెచ్చుతగ్గులను పటముపై గీసి, అందు సహజమైనవేవో, విశేష కారణమున వచ్చినవేవో వేరుపరచు నుపాయమును కనిపెట్టియుండెను. డెమింగు ఆ శాస్త్రమునకు వారసుడు. 1950లో జపాను శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల సంఘము ఆహ్వానింపగా ఆ దేశమునకు పోయి, ఇంజనీర్లకును, కర్మాగారముల యధిపతులకును ఉపన్యాసములిచ్చెను. ఆ యుపన్యాసముల గ్రంథముపై తనకు రావలసిన సొమ్మును ఆ సంఘమునకే విడిచెను. ఆ సొమ్ముతో 1951లో డెమింగు బహుమానము నెలకొల్పబడినది. 1954లో జోసెఫ్ జురాను వచ్చి, నాణ్యత యన్నది పరీక్షకుల పని మాత్రమే గాదనియు, నిర్వాహకులందరి బాధ్యతయనియు బోధించెను. జపాను చక్కగా ఆలకించినది.

డెమింగు తన తరగతులలో నొక ఆట నాడించుచుండెడివాడు. ఒక పాత్రలో తెల్లపూసలు, ఎర్రపూసలు కలిపి యుంచును. అందు ఐదింట నొకటి యెర్రది. యాబది గుంటలు గల యొక పలకను కొందరి చేతికిచ్చి, పాత్రలో ముంచి పూసలను తీయుమనును. తెల్లవి మంచి సరకు, ఎర్రవి చెడ్డ సరకు. ఎర్రవి తక్కువ వచ్చినవానిని మెచ్చుకొనును. ఎక్కువ వచ్చినవానిని మందలించును. గోడపై నీతివాక్యములు వ్రేలాడదీయును. కడకు కొందరిని పనినుండి తొలగించును. ఎర్రపూసలు మాత్రము పలకపై పడుచునే యుండును. చూచువారు మొదట నవ్వుదురు. పిదప మౌనము వహింతురు. ఏలయన, ఆ పాత్రలో ఎర్రపూసలను పోసినవాడు పనివాడు గాదు. పలకను ముంచువాని శ్రద్ధవలన గాని భయమువలన గాని వాని సంఖ్య తరుగదు. దొరతనము నెరపువాడు పాత్రలోని పూసలను మార్చినప్పుడే తరుగును. మన కచేరీలలో, పాఠశాలలలో, ఆసుపత్రులలో నిత్యము జరుగు సంజాయిషీలను, జరిమానాలను, బదిలీలను తలచుకొనుడు. వానిలో నెన్ని యెర్రపూసల కొరకు విధింపబడినవో ఎవరికి వారు లెక్కించుకొనవచ్చును.

ఇంతలో టొయోటా కొక గొప్ప యాపద వచ్చినది. యుద్ధానంతరపు ద్రవ్యసంకోచముచేత 1949, 50 సంవత్సరములలో ఆ సంస్థ దివాలా యంచునకు చేరినది. ఉద్యోగులను తొలగింపబోమని చెప్పియుండియు తొలగింపవలసి వచ్చినది. పెద్ద సమ్మె నడచినది. వేయిమందికి పైగా ఉద్యోగములు విడిచిరి. స్థాపకుడైన కీచిరో టొయోడా తానును బాధ్యత వహించి, 1950లో అధ్యక్షపదవికి రాజీనామా చేసెను. ఈ గాయము ఆ సంస్థ మనస్సున చిరకాలము నిలిచినది. 1962లో కార్మికసంఘమును యాజమాన్యమును పరస్పర విశ్వాసమే పునాదిగా నొక యుమ్మడి ప్రకటన గావించుకొన్నవి. అక్కడి సంస్కారపద్ధతులను పొగడువారు తరచుగా ఈ యధ్యాయమును దాటవేయుదురు. దాటవేయరాదు. పనిని మెరుగుపరచినందువలన తన యుద్యోగమే పోవునని యెరిగినవాడు నోరు విప్పునా? తన కంచమును తానే త్రోసికొనువాడుండునా?

1950లో ఐజి టొయోడా అమెరికాకు పోయి ఫోర్డు కర్మాగారమును పరిశీలించెను. అచ్చటి భారీ యంత్రములను మించి అతని మనస్సున నాటినది పనివారి సూచనలను స్వీకరించు నేర్పాటు. 1951లో అట్టి పద్ధతిని తన సంస్థలో ప్రవేశపెట్టిరి. సూచన వచ్చినచో దానికి ప్రత్యుత్తరము రావలయును; ఆచరింపదగినదైనచో, చెప్పినవాడే మేస్త్రీ తోడ్పాటుతో ఆచరణలో పెట్టవలయును. పిదప 1962లో కవొరు ఇషికావా మొదలగువారి ప్రోత్సాహముతో జపానునందు నాణ్యతావలయములు వెలసినవి. ఒకేచోట పనిచేయు కొలదిమంది కూడి, తమ పనిలోని చిక్కును తామే యెన్నుకొని, లెక్కలు వ్రాసి, కారణము వెదకి, విరుగుడు ప్రయత్నించుటయే ఆ వలయముల ధర్మము.

ఆ దేశపు టనుభవమునుండి రెండు మూడు యుక్తులను మీకు వివరింతును. మొదటిది, దిద్దుబాటునకు ముందొక కట్టుబాటు. పని నేడెట్లు చేయుచున్నామో నిశ్చయముగ వ్రాసియుంచుకొననిదే రేపటి మార్పు మేలో కీడో తెలియదు. కొలపాత్ర లేనివాడు పాలు పెరిగినవో తరిగినవో చెప్పజాలడు గదా. అందుచేత ముందు నియమము. పిదప దానిని దిద్దుట. దిద్దినది ఫలించినచో అదియే క్రొత్త నియమము. ఆ నియమమును వ్రాయువాడు ఆ పని చేయువాడే కావలయును.

రెండవది, కారణాన్వేషణము. టొయోటాలో ఉత్పత్తి విధానమును తీర్చిదిద్దిన తైఇచి ఒనో, లోపము కనబడినప్పుడు 'ఎందుచేత' అని ఐదుమారులైన ప్రశ్నింపవలయునని నేర్పెను. దీనిని మనకు పరిచితమైన అచ్చుకూటమునకు అన్వయించి చూతము. అచ్చయిన కాగితములమీద సిరా అంటుకొని పాడగుచున్నవని అనుకొందము. ఎందుచేత? ఆరకముందే ఒకదానిపై నొకటి పేర్చుచున్నారు. ఎందుచేత? ఆరబెట్టు బల్లలు ఖాళీ లేవు. ఎందుచేత? నిన్నటి ఫారములింకను వానిపైననే యున్నవి. ఎందుచేత? బైండరు వానిని తీసికొనిపోలేదు. ఎందుచేత? ఆఫీసునుండి చీటి వచ్చిననే గాని తీయరాదని నియమము. ఆ చీటి దినమున కొక్కమారు, సాయంకాలమున మాత్రమే వచ్చును. చూచితిరా! మొదటి ప్రశ్నతోనే ఆగియుండిన, యంత్రముకడ నున్నవానికి జరిమానా పడియుండును. కాగితములు మరునాడును చెడియుండును. ఐదవ ప్రశ్నకు చేరునప్పటికి, చీటిని ఉదయమున గూడ పంపిన చాలునని తేలినది. ఒక్క పైసా ఖర్చు లేదు. ఒక్కని యవమానము లేదు.

మూడవది, వ్యర్థమును గుర్తించుట. ఒనో వ్యర్థములను ఏడుగా లెక్కించెను. అక్కరకు మించి చేయుట, వేచియుండుట, ఊరక మోయుట, అక్కరలేని పనిచేయుట, సరకు పోగువేయుట, అనవసరముగ కదలుట, చెడిన దానిని చేయుట. అన్నింటిలో మొదటిదే మహాదోషమని యతని మతము. ఏలయన, ఎక్కువ చేసి పోగువేసినచో ఆ కుప్పక్రింద మిగిలిన దోషములన్నియు దాగును. కర్మాగారమునకు మాత్రమే ఇది చెల్లునని యనుకొనకుడు. ఒక ధ్రువపత్రము కొరకు పల్లెనుండి వచ్చినవాడు మూడు కిటికీలకడ నిలిచి, నాలుగు సంతకములకై తిరిగి, మరునాడు రమ్మనిపించుకొనుట ఈ ఏడింటిలో నెన్నింటి క్రిందికి వచ్చునో మీరే యూహింపుడు.

గోరంత మార్పులు కొండంత ఫలమిచ్చునా యని సందేహించువారికి ఒక నిదర్శనము చెప్పెదను. మోటారుబండి రేకులను ఒత్తు పెద్ద యంత్రములలో అచ్చులను మార్చుట పెద్దపని. 1969లో టొయోటాలోని వేయిటన్నుల యంత్రమొకదానికి అచ్చు మార్చుటకు నాలుగు గంటలు పట్టుచుండెను. షిగెయో షింగో అను ఇంజనీరు అచ్చటివారితో గూడి, యంత్ర మాగినప్పుడే చేయవలసిన పనులేవి, నడచుచుండగనే ముందుగ సిద్ధపరచుకొనదగినవేవి యని విడదీసెను. మరలను, బిగింపులను సులభము గావించిరి. ఆరు నెలలలో నాలుగు గంటలు తొంబది నిమిషములయినవి; మరి మూడు నెలలకు మూడు నిమిషములయినవి. పెండ్లివంటకు కూరలు తరుగుట, పప్పు నానబోయుట పొయ్యి రగిలింపకముందే ముగించుకొను మన వంటవారి యుక్తియే ఇది. యుక్తి క్రొత్తది కాదు. దానిని విడువక, ఆరు నెలలు, మరి మూడు నెలలు, పట్టుకొని కూర్చుండుట క్రొత్త.

ఇదంతయు జపానువారి స్వభావమునకే తగును, ఇతరులకు సాధ్యముకాదు అని చెప్పువారు గలరు. వారికి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కర్మాగారము సమాధానము. జనరల్ మోటార్సువారి యా కర్మాగారమునకు చెడ్డపేరుండెను. అచ్చట దినమునకు ఐదింట నొకవంతు పనివారు రాకుండుటయు కద్దు. 1982లో దానిని మూసివేసిరి. 1984లో టొయోటా భాగస్వామ్యముతో అది తిరిగి తెరువబడినది. మునుపటి కార్మికులనే, మునుపటి కార్మికసంఘమునే పెక్కువరకు చేర్చుకొనిరి. వారికి త్రాడు చేతికిచ్చిరి. పని నియమములను వారిచేతనే వ్రాయించిరి. ఉద్యోగభద్రతకు మాట యిచ్చిరి. కొలది కాలములోనే గైరుహాజరులు మిక్కిలి తరిగినవి. అచ్చటి బండ్లు మేలుజాతివని పేరొందినవి. 1988 ప్రాంతమున అమ్మకములు పడిపోయినప్పుడు సయితము పనివారిని తొలగింపక, శిక్షణకును మరమ్మతులకును వినియోగించిరి. ఆ యుమ్మడి కర్మాగారము 2010లో మూతబడినది; దాని నీతి మాత్రము మూతబడలేదు. మనుష్యులు వారే. మారినది వారిని చూచు చూపు.

వైద్యశాలలకును ఈ చూపు ప్రాకినది. అమెరికాలోని సియాటిల్ నగరమునందలి వర్జీనియా మేసన్ వైద్యశాలవారు జపాను పద్ధతులను పరిశీలించి, 2002లో నొక నియమము నేర్పరచుకొనిరి. రోగికి హాని కలుగునని తోచినప్పుడు ఏ యుద్యోగియైనను, నర్సు గాని, ఊడ్చునది గాని, పనిని నిలుపుడని హెచ్చరింపవచ్చును. మోటారుబండి మరకు త్రాడు లాగగలిగినప్పుడు, మానవప్రాణమునకై లాగరాదా?

ఇంతవరకు వెలుగు చూపితిని. నీడను గూడ చూపనిచో మీకు ద్రోహము చేసినవాడనగుదును. 1972లో సతోషి కమాతా అను జపాను రచయిత టొయోటాలో తాత్కాలిక కార్మికుడుగా చేరి ఆరు నెలలు పనిచేసెను. వరుస వేగమును, నిదుర చాలని రాత్రులను, చిక్కిపోవు దేహములను వర్ణించుచు 1973లో గ్రంథము ప్రకటించెను. మేలుమార్పు పేరిట మిగిలిన ప్రతిక్షణమును మరల పనితోనే నింపినచో, విరామము వ్యర్థమను పేర మాయమైపోవును. 2002లో ఆ సంస్థకు చెందిన ముప్పదేండ్ల యుద్యోగి యొకడు పనిచోటనే కుప్పగూలి మరణించెను. అతని మరణము అధికశ్రమవలన గలిగినదని 2007లో నగోయా జిల్లా న్యాయస్థానము తీర్పు చెప్పినది. నాణ్యతావలయములకును, సూచనలకును వెచ్చించిన కాలము గూడ పనియే యని ఆ తీర్పులో గ్రహింపబడినది. అట్టి కాలమును అంతవరకు ఐచ్ఛికమని యెంచుచు, నెలకు రెండు గంటలకు మించి వేతనమీయని యా సంస్థ, 2008లో పూర్తిగా చెల్లింతునని ప్రకటించినది. ఒక తల్లి కడుపుకోతకు పిమ్మటగాని ఆ లెక్క సరిపడలేదు.

కనుక ఈ విద్య రెండంచుల కత్తి. ఒక యంచు వ్యర్థమును కోయును. రెండవ యంచు మనుష్యుని కోయును. ఏ యంచు తగులునో నిర్ణయించునది పట్టువాని ధర్మబుద్ధి. ఆలోచించుట పనియైనప్పుడు దానికి కూలి చెల్లవలయును. మిగిలిన కాలములో కొంత శ్వాసకు విడువవలయును. కలిగిన లాభములో పనివానికి పాలుండవలయును.

ఇక మన సంగతి. ఈ విద్య మనకు నిన్న మొన్న వచ్చినది గాదు. అందులో తెలుగు నేలకొక గౌరవస్థానము గూడ గలదు. భారతదేశమున నాణ్యతావలయములు తొలుత మొలకెత్తినది 1980లో, హైదరాబాదు చెంతనున్న రామచంద్రపురము భెల్ కర్మాగారమునందు. వానిని నాటినవాడు అచ్చటి ఉన్నతాధికారియైన ఎస్. ఆర్. ఉడుప. 1982లో సికిందరాబాదు కేంద్రముగా దేశవ్యాప్తమైన నాణ్యతావలయ సంఘము స్థాపింపబడినది. మదరాసునకు చెందిన సుందరం క్లేటన్ సంస్థ బ్రేకుల విభాగము 1998లో డెమింగు బహుమానమును పొందినది. మన దేశమున ఆ గౌరవమును తొలుత అందుకొన్నది అదియే. మనకు తెలివి చాలదనుట యబద్ధము. ఓపిక లేదనుటయు అబద్ధమే. చీరకు ఆసు పోసి, పడుగు పరచి, పోగు పోగును సవరించి నేయువారి సంతతికి ఓపికను బయటివారు నేర్పవలెనా?

మనకు కొరతపడినది వేరు. మన పనిచోట్లలో చిన్నవాడు చెప్పిన మాట పెద్దవానికి అవమానముగ తోచును. "నీవా నాకు చెప్పువాడవు?" అను నొక్క వాక్యము మన దేశమున నెన్ని మేలుమార్పులను పురిటిలోనే చంపినదో లెక్కలేదు. పాకీపనివాని మాట ఇంజనీరు వినడు. నర్సు మాట డాక్టరు వినడు. కండక్టరు మాట డిపో అధికారి వినడు. గుమాస్తా మాట పై యధికారి వినడు. వినకపోవుటకు కారణము మాటలో నుండదు. చెప్పినవాని కులములోనో, జీతములోనో, కుర్చీలోనో యుండును. కులమును, హోదాను ఆధారముగ జేసికొని ఆలోచన నొకచోటను, శ్రమ నొకచోటను వేరుపరచిన గోడ టేలరు గోడకన్న మనయందు ఎన్నియో రెట్లు పాతది. ఆ గోడను పడగొట్టక, దానిపైననే కైజెన్ పటమును తగిలించినచో ఏమి ప్రయోజనము?

పఠనమందిరమునకు వచ్చు సోదరులారా! మీలో ఉపాధ్యాయులున్నారు, గుమాస్తాలున్నారు, దుకాణదారులున్నారు, కర్మాగారములలో పనిచేయువారున్నారు. నలుగురిపై నధికారము గలవారును ఉన్నారు. పెద్ద కార్యములు మీ నడుగను. రేపు మీ పనిచోటికి పోయినప్పుడు నాలుగు సంగతులు పరీక్షింపుడు. సూచనల పెట్టె యున్నచో, దాని తాళము కడపటిసారి ఎప్పుడు తీసిరో విచారింపుడు. తప్పు జరిగినప్పుడు మొదట వెదకునది కారణమునా, మనుష్యునా యని చూడుడు. అందరికన్న తక్కువ జీతమువాడు "ఆగుడు, ఇది తప్పు" అని యెన్నడైన ననెనా, అనినప్పుడేమి జరిగెనో తెలిసికొనుడు. కడపట జరిగిన మేలుమార్పువలన లాభపడినదెవరు, నష్టపడినదెవరు అని లెక్క వేయుడు. ఈ నాలుగింటికి వచ్చు సమాధానమే మీ సంస్థయొక్క నిజమైన వార్షిక నివేదిక.

అధికారము గలవారికి మాత్రమొక విన్నపము. మీ గదిని విడిచి, పని జరుగుచోట ఒక గంట నిలువుడు. చేతులు కట్టుకొని చూడుడు. పిదప పనిచేయువాని చెంతకు పోయి, "అన్నా, దీనిలో నీకు కష్టమెక్కడ?" అని యడుగుడు. అడిగినపిమ్మట ఊరకుండి వినుడు. అతడు చెప్పినది చిన్నదైనను వారములోపల సరిచేయుడు. సరిచేయ వీలుకానిచో, ఎందుచేత కాదో అతనికే చెప్పుడు. రెండవమారు అతడు తానై వచ్చి చెప్పును. మూడవమారు అతని తోటివారును చెప్పుదురు. నాలుగవమారు మీరడుగ నక్కరలేదు.

కావడి మోయువాని భుజమునకే తెలియును బరువు. బద్దను చెక్కు ఉలిని కూడ అతని చేతికే ఈయుడు.